రోగం లేదు, నిషేధం ఉంది: కెనడా పశువైద్యుడు డంకన్ మెకెక్రన్ జీవితం

కెనడాలో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్ళల్లో తనిఖీ గురించి తెలియనివాళ్ళు ఉండరు. సెలవులకు ఊరెళ్ళి తిరిగొచ్చేటప్పుడు ఆవకాయ రానిస్తారా, నెయ్యి రానిస్తారా, నాటుకోడి పచ్చడి సంగతేమిటి అన్న లెక్కలు విమానం ఎక్కకముందే మొదలవుతాయి. ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో కొనే పప్పు వెనకా, మామిడిపండు వెనకా ఎవరో ఒక అధికారి సంతకం ఉంటుంది. ఆ సంతకం రోగాన్ని ఆపడానికి పుట్టింది. కానీ ఒక్కోసారి అదే సంతకం వ్యాపారాన్ని ఆపడానికీ పనికొస్తుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న గొడవ కొత్తదేమీ కాదు. 130 ఏళ్ళ కిందటే కెనడా, బ్రిటన్‌ల మధ్య పెద్ద ఎత్తున నడిచింది.

ఆ గొడవ మధ్యలో నిలబడ్డ మనిషి డాక్టర్ డంకన్ మెకెక్రన్. కెనడా ప్రభుత్వానికి తొలి ప్రధాన పశు తనిఖీ అధికారి. ఆ రోజుల్లో పశువుల వ్యాపారం చేసేవాళ్ళలో ఆయన పేరు తెలియనివారు లేరు. ఈ తరం వాళ్ళకు ఆయన పేరు పెద్దగా తెలియదు.

నేను పశువైద్యుణ్ణి. తిరుపతిలో చదువుకుని, కొన్నేళ్ళు ప్రకాశం జిల్లా పల్లెల్లో పనిచేసి, తర్వాత ఈ దేశం వచ్చాను. వచ్చాక, విదేశాల్లో చదివిన మాలాంటివాళ్ళు రాయాల్సిన పరీక్షలన్నీ మళ్ళీ రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ చదువుల మధ్యే ఇక్కడి మా వృత్తి చరిత్రలో మెకెక్రన్ పేరు తగిలింది. ఆయనా వలస వచ్చినవాడే. డిగ్రీ చేతిలో పట్టుకుని, తన చదువుకు ఇంకా విలువ ఏర్పడని దేశంలో దిగినవాడే. అందుకే ఆయన కథ మన పేజీలో చెప్పుకోదగిందని అనిపించింది.

స్కాట్లండ్ నుంచి మాంట్రియల్‌కు

మెకెక్రన్ 1841లో స్కాట్లండ్ పడమటి తీరంలోని క్యాంప్‌బెల్‌టౌన్‌లో పుట్టాడు. తండ్రి కమ్మరి. గుర్రాలకు నాడాలు కొట్టే కొలిమి దగ్గర పెరిగిన పిల్లవాడు పశువైద్యం వైపు వెళ్ళడం ఆ రోజుల్లో సహజమే. ఎడిన్‌బరో పశువైద్య కళాశాలలో చదివి 1861లో బయటికి వచ్చాడు. మరుసటి ఏడాదే అట్లాంటిక్ దాటి కెనడా చేరాడు. అప్పటికి అతనికి ఇంకా 21 ఏళ్ళే.

మొదట అంటారియోలోని వుడ్‌స్టాక్‌లో వైద్యం మొదలుపెట్టాడు. టొరంటోలో ఆండ్రూ స్మిత్ అనే మరో స్కాట్లండ్ పశువైద్యుడు అప్పుడే కళాశాల ప్రారంభిస్తున్నాడు. అక్కడ మెకెక్రన్ కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు. ఇద్దరూ కలిసి కెనడా గుర్రాల జబ్బుల మీద ఒక పుస్తకం రాశారు. కానీ ఇద్దరికీ ఒక విషయంలో పొసగలేదు. టొరంటోలో ఎవరొచ్చినా చేర్చుకుని రెండేళ్ళలో పట్టా ఇచ్చి పంపేవారు. రైతుల దేశానికి పశువైద్యులు త్వరగా కావాలన్నది స్మిత్ ఆలోచన. చదువు రానివాణ్ణి వైద్యుడిగా పంపితే వృత్తే నవ్వులపాలవుతుందన్నది మెకెక్రన్ పట్టు.

1866లో మెకెక్రన్ మాంట్రియల్‌లో తన సొంత కళాశాల పెట్టాడు. చేరాలంటే ప్రవేశ పరీక్ష, చదువు మూడేళ్ళు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయం అండతో, అతని విద్యార్థులు మనుషుల వైద్యం చదివేవాళ్ళతో కలిసి కూర్చుని పాఠాలు వినేవారు. మన డాక్టర్ కుటుంబాలకు బాగా తెలిసిన విలియం ఆస్లర్ యువకుడిగా ఉన్నప్పుడు అక్కడ పాఠం చెప్పినవాడే. కుక్కల ఊపిరితిత్తుల్లో పురుగుల మీదా, పందుల జ్వరం మీదా ఆస్లర్ చేసిన తొలి పరిశోధనలు ఈ పశువైద్య కళాశాలతో ఉన్న అనుబంధంలోంచి వచ్చాయి. మనిషి రోగం, పశువు రోగం వేరువేరు శాస్త్రాలు కావన్న మాట ఇప్పుడు అందరూ అంటున్నారు. మాంట్రియల్‌లో అది 1870లలోనే తరగతి గదిలో నడిచింది.

లెవీ రేవులో కంచె

1865లో బ్రిటన్‌ను రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి కుదిపేసింది. లక్షల పశువులు పోయాయి. అప్పటి నుంచి ఆ దేశానికి ఓడల్లో వచ్చే పశువంటే భయం పట్టుకుంది. ఇటు కెనడా రైతులేమో మేలుజాతి ఎద్దులను, ఆవులను బ్రిటన్ నుంచే తెప్పించుకుంటున్నారు. ఆ దేశంలో గాలికుంటు ఉంది. ఊపిరితిత్తులకు పట్టే ప్లూరోన్యుమోనియా అనే అంటువ్యాధి ఉంది. ఒక్క రోగిష్టి ఆవు దిగితే చాలు, ఇక్కడి మందలన్నీ పోతాయి.

ఈ ప్రమాదాన్ని ప్రభుత్వానికి పదేపదే గుర్తుచేసినవాడు మెకెక్రన్. ఫలితంగా 1876లో క్యుబెక్ నగరానికి ఎదురుగా, సెయింట్ లారెన్స్ నది అవతలి ఒడ్డున లెవీలో పశువుల క్వారంటైన్ కేంద్రం ఏర్పడింది. దాని బాధ్యత ఆయనకే అప్పగించారు. యూరప్ నుంచి దిగిన పశువు నేరుగా రైతు ఇంటికి పోవడానికి వీల్లేదు. మూడు నెలల దాకా కంచె లోపలే ఉండాలి. జబ్బు దాగి ఉంటే ఆ గడువులో బయటపడుతుంది. పశువును కొన్న ఆసామి గొణుక్కునేవాడు. దాణా ఖర్చు అతనిదే మరి.

రోగం చెప్పేదాకా ఆగడం వేరు, రోగం ఉండొచ్చన్న అనుమానంతో ఆగడం వేరు. రెండోదానికి ఓపిక కావాలి, ధైర్యం కూడా కావాలి. 1886లో ఆ రెండూ అక్కరకొచ్చాయి. స్కాట్లండ్ నుంచి వచ్చిన గాలోవే జాతి పశువుల్లో లెవీ కంచె లోపలే ప్లూరోన్యుమోనియా బయటపడింది. మెకెక్రన్ వెనకాడలేదు. రోగం సోకినవాటిని, వాటితో కలిసి ఉన్నవాటిని చంపించాడు. కొట్టాలు శుద్ధి చేయించాడు. ఖరీదైన పశువులవి, యజమానులు పలుకుబడి ఉన్నవాళ్ళు. అయినా పని ఆగలేదు. రోగం కంచె దాటి బయటికి రాలేదు. కెనడా మందల్లోకి ఆ వ్యాధి ప్రవేశించలేదు.

ఈ సంఘటన గుర్తుపెట్టుకోండి. రోగం వచ్చింది బ్రిటన్ నుంచి. ఆపింది కెనడా.

రైతుల మేలు, సొంత లాభం

ఆయన్ను మచ్చలేని మహాత్ముడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. 1881లో సెనేటర్ మాథ్యూ కాక్రన్ ఆల్బర్టా గడ్డి మైదానాల్లో పెద్ద పశువుల రాంచ్ పెట్టినప్పుడు మెకెక్రన్ అందులో భాగస్వామిగా చేరి, నిర్వహణా చూశాడు. అప్పటికి ఆ ప్రాంతానికి రైలు లేదు. అమెరికా మీదుగా, నదుల మీదుగా, బండ్ల మీద వెళ్ళి ఆ ప్రయాణ విశేషాలు రాశాడు. మొదటి రెండు చలికాలాల్లో మంచు తుపానులకు ఆ రాంచ్ పశువులు దారుణంగా చనిపోయాయి. తర్వాత 1883 నుంచి వాల్‌రాండ్ రాంచ్‌కు జనరల్ మేనేజర్‌గా ఉన్నాడు. ప్రభుత్వం లీజుకిచ్చిన ఆ భూముల్లో చిన్న రైతులు ఇళ్ళు వేసుకుంటే వాళ్ళను ఖాళీ చేయించడానికి పోరాడాడు. ఆ గొడవలో జనం దృష్టిలో ఆయన పేదల పక్షం కాదు.

పైగా దేశంలోని పశువులన్నిటి ఆరోగ్యానికి పూచీపడే అధికారే పశువులు అమ్మే కంపెనీకీ మేనేజర్! ఈ రోజుల్లో అయితే ఒక్కరోజు కూడా చెల్లదు. ఆ కాలంలో చెల్లింది. కానీ అవతలి దేశం వేలు చూపించడానికి ఇలాంటివి ఎప్పుడూ అవకాశమిస్తాయి.

శాస్త్రం కూడా అప్పటికి పూర్తిగా పదునెక్కలేదు. నోవా స్కోషియాలోని పిక్టో ప్రాంతంలో పశువులు వింత జబ్బుతో చనిపోతుంటే, అది అంటువ్యాధి అన్న నమ్మకంతో ప్రభుత్వం పశువులను చంపించింది. మెకెక్రన్ అభిప్రాయమూ అదే. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో తేలిందేమిటంటే, అది అంటువ్యాధే కాదు. పచ్చిక బయళ్ళలో పసుపుపచ్చ పూలు పూసే ఒక కలుపు మొక్క తిని, దాని విషంతో కాలేయం చెడి పశువులు చనిపోతున్నాయి. తనిఖీ అధికారి కూడా మనిషే. తెలిసినంతలో తీర్పు చెబుతాడు. ఆ తీర్పును మళ్ళీ పరీక్షించే దారి ఒకటి తెరిచి ఉండాలి. ఈ సంగతి మెకెక్రన్‌కు త్వరలోనే అవతలి వైపు నుంచి ఎదురైంది.

1892: నేరం మోపింది ఎవరు?

1870ల చివర్లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. రోగం ఉందన్న అనుమానమున్న దేశాల పశువులను దిగిన రేవులోనే 10 రోజుల్లోపు కోసేయాలి. ఊళ్ళోకి పంపకూడదు. అమెరికా పశువులకు 1879 నుంచి ఈ నియమం వర్తించింది, అక్కడ ప్లూరోన్యుమోనియా ఉంది కాబట్టి. కెనడాకు మినహాయింపు దొరికింది. ఆ మినహాయింపు నిలబెట్టుకోవడానికి కెనడా అమెరికా పశువుల రాకను అడ్డుకుంది. లెవీలోని క్వారంటైనూ, మెకెక్రన్ సర్టిఫికెట్లూ ఆ నమ్మకానికి ఆధారం.

ఆ మినహాయింపు విలువేమిటో కాస్త వివరంగా చెప్పాలి. కెనడా రైతు గడ్డి మేపి పెంచిన పశువు ఓడెక్కేసరికి పూర్తిగా కండపట్టి ఉండదు. పైగా సముద్ర ప్రయాణంలో బరువు తగ్గుతుంది. అలాంటి పశువును తూర్పు స్కాట్లండ్ రైతులు, నార్ఫోక్ రైతులు కొని, టర్నిప్ దుంపలూ గడ్డీ పెట్టి కొన్ని నెలలు మేపి, బలిశాక కసాయికి అమ్మేవారు. ఇద్దరికీ లాభం. 1890 ప్రాంతంలో ఏటా లక్షకు పైగా పశువులు కెనడా నుంచి బ్రిటన్‌కు వెళ్ళేవి. రేవులోనే కోసేయాలంటే ఈ మేపుడు వ్యాపారం మొత్తం పోతుంది. బేరం చేసే సత్తా కూడా పోతుంది. 10 రోజుల గడువున్న సరుకును ఎవరైనా ఎంతకు కొంటారో మన టమాటా రైతుల్ని అడగండి, చెబుతారు.

1892 చివర్లో స్కాట్లండ్‌లో దిగిన కెనడా పశువుల ఊపిరితిత్తుల్లో ప్లూరోన్యుమోనియా ఆనవాళ్ళు కనిపించాయని బ్రిటిష్ వ్యవసాయ బోర్డు నిపుణులు తేల్చారు. వెంటనే కెనడా మినహాయింపు రద్దయింది.

మెకెక్రన్ ఒప్పుకోలేదు. ఓడ అడుగున చలిలో, ఇరుకులో వారాల తరబడి ప్రయాణించిన పశువులకు మామూలు న్యుమోనియా రావడం వింత కాదు, ఇది అంటువ్యాధి కాదన్నది కెనడా వాదన. ఎడిన్‌బరోలో పేరున్న పశువైద్యుల్లో కొందరు కూడా ఆ వాదననే సమర్థించారు. కెనడాలో వెతికితే ఎక్కడా ఆ వ్యాధి దొరకలేదు. అంటువ్యాధి నిజంగా ఉంటే దాగదు, మందలో పశువు వెంట పశువును పడగొడుతుంది. ఒక్క మంద కూడా అలా పడలేదు.

అయినా ఫలితం లేదు. ఎందుకంటే రోగమని చెప్పింది బ్రిటన్ నిపుణులు, ఆ మాట విని తీర్పిచ్చింది బ్రిటన్ ప్రభుత్వం, అమలుచేసింది బ్రిటన్ రేవులు. కెనడా అప్పీలు చేసుకోవడానికి మధ్యవర్తి ఎవరూ లేరు.

సుంకం లేనిచోట నియమమే గోడ

ఆ రోజుల్లో బ్రిటన్ ప్రపంచంలోకెల్లా పెద్ద స్వేచ్ఛా వాణిజ్య దేశం. పశువుల మీద దిగుమతి సుంకాన్ని 1840లలోనే తీసేసింది. అక్కడి పశుపోషకులు, ముఖ్యంగా ఐర్లండ్ నుంచి దూడలు పంపేవాళ్ళు, విదేశీ పోటీని తట్టుకోవడానికి సుంకం అడగలేరు. అడిగితే జనం ఒప్పుకోరు, రొట్టె మాంసం ఖరీదవుతాయని తిరగబడతారు. కానీ రోగం పేరు చెబితే కాదనేవారు ఎవరు? అలా తనిఖీ నియమం సుంకం చేయలేని పని చేసింది.

దీన్ని రెండు దేశాల మధ్య తగాదా అనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లోనే రెండు పక్షాలు ఉన్నాయి. కెనడా పశువును కొని మేపే స్కాట్లండ్ రైతుకు నిషేధం నష్టం. దూడల్ని పెంచి అమ్మే రైతుకు అది లాభం. 1865 మహమ్మారి మిగిల్చిన భయం కూడా నిజమైనదే, అదంతా నటన కాదు. భయం, లాభం ఒకే నియమంలో కలిసిపోయినప్పుడు ఏది ఎంత పాలో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు.

1896లో బ్రిటన్ పార్లమెంటు మరో అడుగు వేసింది. విదేశాల నుంచి వచ్చే పశువులన్నిటినీ, రోగమున్నా లేకున్నా, రేవులోనే కోయాలని శాశ్వత చట్టం చేసింది. దీంతో మెకెక్రన్ 20 ఏళ్ళ పని అర్థం లేనిదైపోయింది. అప్పటిదాకా రోగం లేదని రుజువు చేస్తే దారి తెరుచుకుంటుందన్న ఆశ ఉండేది. ఇప్పుడు రుజువుకే చోటు లేదు. మరుసటి ఏడాది కెనడా ప్రధాని విల్‌ఫ్రిడ్ లారియే ప్రభుత్వం బ్రిటన్ సరుకులకు సుంకాల్లో ప్రత్యేక రాయితీ ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా పశువుల చట్టం కదల్లేదు.

ఒక మంచి పని మాత్రం జరిగింది. బ్రిటన్ మినహాయింపు ఎలాగూ పోయింది కాబట్టి, అమెరికా పశువులను అడ్డుకోవాల్సిన అవసరం కెనడాకు తగ్గింది. అమెరికా కూడా 1892లోనే తమ దేశంలో ప్లూరోన్యుమోనియాను నిర్మూలించినట్టు ప్రకటించింది. 1897లో రెండు దేశాలూ మాట్లాడుకుని, ఒకరి పశువులను ఒకరు 90 రోజుల క్వారంటైన్‌లో పెట్టే పద్ధతిని ఎత్తేశాయి. ఒకరి తనిఖీని మరొకరు నమ్మడం అంటే ఇదే.

ఆఖరి ఏళ్ళు

మెకెక్రన్ కళాశాల 1889లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఒక ఫ్యాకల్టీగా మారింది. కానీ కఠినమైన ప్రవేశ పరీక్ష, ఎక్కువ కాలం చదువు కారణంగా విద్యార్థులు తక్కువ, డబ్బు ఇంకా తక్కువ. 1903లో అది మూతపడింది. విచిత్రమేమిటంటే, అప్పుడు ఎక్కువనిపించిన మూడేళ్ళ చదువు తర్వాతి రోజుల్లో అన్నిచోట్లా తక్కువైపోయింది. దానికి ముందు ఏడాది, 1902లో, ఆయన ప్రభుత్వ పదవి వదిలేశాడు. ఆయన స్థానంలో వచ్చిన జాన్ రూథర్‌ఫర్డ్ ఆ శాఖను విస్తరించాడు. మాంసం తనిఖీ చట్టం 1907లో వచ్చింది. వాల్‌రాండ్ రాంచ్ 1906-07 చలికాలంలో కోలుకోలేని దెబ్బ తింది. మెకెక్రన్ క్యుబెక్‌లోని ఆర్మ్స్‌టౌన్ దగ్గర తన పొలంలో క్లైడ్స్‌డేల్ జాతి గుర్రాలు పెంచుకుంటూ ఉండిపోయాడు.

నిషేధం మాత్రం కొనసాగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా వేలాదిమంది యువకులను కోల్పోయింది. 1917లో లండన్‌లో జరిగిన సామ్రాజ్య సమావేశంలో కెనడా ప్రతినిధులు నిషేధం మాట ఎత్తితే, బ్రిటిష్ మంత్రులు యుద్ధం ముగిశాక తీసేస్తామని మాటిచ్చారు. యుద్ధం ముగిశాక మాట మరిచారు. అప్పుడు కెనడాలో పుట్టిన లండన్ పత్రికాధిపతి లార్డ్ బీవర్‌బ్రూక్ తన పత్రికల్లో ప్రచారం మొదలుపెట్టాడు. 1921 మార్చిలో డడ్లీ ఉప ఎన్నికలో వ్యవసాయ మంత్రి గ్రిఫిత్-బాస్కవెన్ ఓడిపోయాడు. మాంసం ధర మీద కోపంగా ఉన్న కార్మిక ఓటర్లకు కెనడా పశువుల సంగతి బాగా ఎక్కింది.

అదే ఏడాది లార్డ్ ఫిన్లే అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్ వేశారు. రెండు పక్షాల సాక్ష్యాలూ విని, కెనడా పశువుల వల్ల రోగ భయం చెప్పుకోదగ్గంత లేదని కమిషన్ తేల్చింది. 1922 చివర్లో పార్లమెంటు చట్టం మార్చింది. 1923 నుంచి తనిఖీ, సర్టిఫికెట్ షరతులతో కెనడా మేపుడు పశువులు మళ్ళీ బ్రిటన్ పల్లెల్లోకి వెళ్ళాయి. దాదాపు 30 ఏళ్ళు పట్టింది. నిషేధం వచ్చిన రోజు మెకెక్రన్‌కు 51 ఏళ్ళు. ఎత్తేసేసరికి 80 దాటాయి. తాను చెప్పింది చివరికి ఒప్పుకున్నారని తెలుసుకుని 1924లో కన్నుమూశాడు.

ఆ 30 ఏళ్ళలో ఎంతమంది రైతులు ఎంత తక్కువ ధరకు అమ్ముకున్నారో ఎవరూ తిరిగివ్వలేదు. తప్పుగా విధించిన సుంకాన్నయితే లెక్కకట్టి వాపసు అడగొచ్చు. తనిఖీ పేరుతో పోయిన బేరానికి రసీదు ఉండదు.

మధ్యవర్తి పుట్టిన ఏడాది

మెకెక్రన్ చనిపోయిన 1924లోనే పారిస్‌లో పశువుల ఆరోగ్యం కోసం ఒక అంతర్జాతీయ సంస్థ పుట్టింది. దాని వెనక కథలో మన దేశం ఉంది. 1920లో ఇండియా నుంచి బ్రెజిల్ వెళ్తున్న మూపురం పశువులను దారిలో బెల్జియంలోని ఆంట్వర్ప్ రేవులో దించారు. వాటి నుంచి అక్కడి పశువులకు రిండర్‌పెస్ట్ అంటుకుంది. యూరప్ హడలిపోయింది. ఏ దేశంలో ఏ రోగం ఉందో అందరికీ తెలియాలి, నియమాలు అందరూ కలిసి రాసుకోవాలి అన్న ఆలోచనతో ఆ సంస్థ ఏర్పడింది. మా ఒంగోలు గిత్తల సంతతి బ్రెజిల్‌లో నెలోర్ జాతిగా విస్తరించిన సంగతి మన పాఠకులకు తెలుసు. బ్రెజిల్‌కు 1960లలో వెళ్ళిన పశువులను ఫెర్నాండో ది నొరోన్యా అనే దీవిలో క్వారంటైన్‌లో ఉంచాకే ప్రధాన భూభాగంలోకి రానిచ్చారు. లెవీలో మెకెక్రన్ చేసిన పనే అది, మరో సముద్రంలో.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చినప్పుడు, తనిఖీ నియమాలకు శాస్త్రీయ ఆధారం ఉండాలన్న ఒప్పందం కూడా వచ్చింది. పశువుల విషయంలో పారిస్ సంస్థ ప్రమాణాలను అందులో గుర్తించారు. 1892లో కెనడాకు లేని మధ్యవర్తి అలా దొరికాడు. 2003లో ఆల్బర్టాలో ఒక్క ఆవుకు మ్యాడ్ కౌ వ్యాధి బయటపడగానే అనేక దేశాలు కెనడా గొడ్డుమాంసం ఆపేశాయి. దక్షిణ కొరియా ఏళ్ళ తరబడి తెరవకపోతే, కెనడా 2009లో ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళింది. 2012లో కొరియా తలుపు తెరిచింది. తొమ్మిదేళ్ళు తక్కువేమీ కాదు, కానీ 30 ఏళ్ళు కాదు.

అలాగని గొడవలు ఆగలేదు. యూరప్‌తో ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉన్నా, మాంసం శుభ్రపరిచే పద్ధతుల మీద పేచీ అలాగే ఉంది. బ్రిటన్, కెనడాల స్వేచ్ఛా వాణిజ్య చర్చలు 2024 జనవరిలో ఆగిపోయాయి. బ్రిటన్ జున్నుకు కెనడాలో సుంకం పేచీ ఒకవైపు. హార్మోన్లు వాడిన కెనడా గొడ్డుమాంసాన్ని బ్రిటన్ రానివ్వకపోవడం మరోవైపు. మెకెక్రన్ బతికుంటే కొత్తగా ఏమీ అనిపించదు.

మన పప్పు సంగతి

మన రెండు దేశాల మధ్యా ఇలాంటిదే ఒకటి నడిచింది. కెనడా నుంచి ఇండియాకు వెళ్ళే మసూర్ పప్పు, బఠాణీలకు ఓడ ఎక్కేముందే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలని ఇండియా నియమం. పురుగు రాకుండా కాపాడుకోవడం ఇండియా హక్కు, అందులో తప్పులేదు. ఇక్కడి చలికి ఆ పురుగులు బతకవని, ఆ పొగ ఓజోన్ పొరకు చేటు కాబట్టి వాడకం తగ్గించుకుంటున్నామని కెనడా వాదన. ఏళ్ళ తరబడి ఇండియా తాత్కాలిక మినహాయింపులు ఇస్తూ వచ్చింది. ప్రతిసారీ గడువు దగ్గరపడితే సస్కాచెవాన్ రైతులకు గుండె దడ. 2017 చివర్లో ఇండియా బఠాణీ మీద 50 శాతం, మసూర్ మీద 30 శాతం సుంకం వేసింది. మన ఊరి కంది రైతు ధర పడిపోయి ఏడుస్తున్న కాలమది. ఇక్కడ కూడా రెండు వైపులా రైతులే.

ఇండియా, కెనడాల సమగ్ర వాణిజ్య ఒప్పందం చర్చలు 2010లో మొదలై, ఆగుతూ సాగుతూ, 2023లో నిలిచిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాలని 2025 నవంబరులో రెండు ప్రభుత్వాలూ అంగీకరించాయి. ఒప్పందం కుదిరితే పత్రికల్లో ముందుగా సుంకాల శాతాలే కనిపిస్తాయి. మామిడిపండు ఎంత చౌక అవుతుంది, పప్పు ఎంత చౌక అవుతుంది అని లెక్కలు వేసుకుంటాం.

నా వృత్తి నేర్పినదీ, మెకెక్రన్ జీవితం చెప్పేదీ మరొకటి. సుంకం సున్నా అయిన మర్నాటి నుంచి అసలు బేరమంతా తనిఖీ నియమాల్లో ఉంటుంది. అందుకని ఆ ఒప్పందంలో నాలుగు సంగతులు వెతకండి. సరుకును ఎవరు పరీక్షిస్తారు? ఒక దేశం సర్టిఫికెట్‌ను రెండో దేశం నమ్ముతుందా? పేచీ వస్తే తీర్పు చెప్పే మూడో మనిషి ఎవరు? పెట్టిన నిషేధాన్ని మళ్ళీ పరిశీలించడానికి గడువు ఉందా? పిల్లలు ఇక్కడ వ్యాపారం, న్యాయశాస్త్రం, పశువైద్యం, ఆహార శాస్త్రం చదువుతున్న ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయాల్సిన చోట, రెండు దేశాల రైతుల కష్టమూ తెలిసిన మన పిల్లలు కూర్చుంటే మంచిది.